పాతది పారేయొద్దు

గుడివాడలో జేమ్స్‌ని చంపినవాడు ఆ ఇంటి గడప కూడా తొక్కలేదు.

ఆదివారం మధ్యాహ్నం. చర్చిలో ఆరాధన నుంచి వచ్చి, కోడికూరతో భోంచేసి, ముందుగదిలో మంచం మీద నడుం వాల్చాడు జేమ్స్. భార్య గ్రేస్ పక్కవీధిలో ఉన్న పుట్టింటికి వెళ్ళింది. వంటింట్లో పాలు సన్నటి సెగ మీద ఉన్నాయి. గోడకున్న అలారం పెట్టె మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. "సిస్టమ్ సెక్యూర్" అంది ఆ పెట్టె, ఎవరూ అడక్కుండానే. తలుపులకి తాళాలు వాటంతటవే పడ్డాయి. స్టవ్ మీద మంట ఆరిపోయింది. కాసేపటికి గ్యాస్ మళ్ళీ వచ్చింది గానీ మంట రాలేదు. ఇల్లంతా నిండేదాకా ఆగి, అప్పుడు సైరన్ మోగబోయి ఒక్క నిప్పురవ్వ రాల్చింది.

వీధి మొదలు దాకా కిటికీ అద్దాలు పగిలాయి. మర్నాడు పేపర్లో 'గ్యాస్ ప్రమాదంలో ప్రభుత్వోద్యోగి మృతి' అని ఓ మూల రెండు ముక్కలు వేశారు. దివిసీమ కొసన, సముద్రం అంచున ఉన్న తీర రాడార్ కేంద్రంలో అతను రెండో ఇంజనీరని రాయలేదు. రాయడానికి వీల్లేదు మరి.

మొదటి ఇంజనీరు రాజారత్నం ఇంకా బతికే ఉన్నాడు. ఆయన్ని అలాగే ఉంచడం ఎలాగన్నదే ఇప్పుడు గొడవంతా.

*

రొయ్యల చెరువు గట్టు మీద నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అందుకే ప్రభుత్వ గూఢచారి విభాగం సెక్షన్ లెవెన్ చీఫ్ స్వర్ణలత గారు తన బ్రీఫింగులన్నీ దివిసీమలో ఓ చెరువు షెడ్డులోనే పెడతారు. నేత చీర, కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతిలో రొయ్యల్ని కొలిచే త్రాసు. ఆవిడ్ని చూసి బేరానికొచ్చిన వ్యాపారి అనుకోనివాడు లేడు.

ఫీల్డ్ ఏజెంట్ హనోకు పులిగడ్డ వంతెన దాటి, బైకు దిగి, షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. పాస్‌వర్డ్ చెప్పందే సొంత అన్నకైనా కుర్చీ వెయ్యని మనిషి ఆవిడ.

"ఈ ఏడు ఉప్పుగాలి ఎలా ఉందండీ?"

"ఇనుము తింటోంది, ఇత్తడి నంజుకుంటోంది. కూర్చో."

హనోకు కూర్చోలేదు. కూర్చోవడం అతనికి చేతకాదు. కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టాడని వాళ్ళమ్మ అనేది. మనిషి తెలివైనవాడే, ధైర్యానికీ లోటు లేదు. కానీ ఒక పని సగంలో ఉండగానే మనసు తర్వాతి పని గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంది.

చీఫ్ బల్ల మీద అగ్గిపెట్టంత వస్తువు ఒకటి పెట్టింది. "స్మార్ట్ యాడ్-ఆన్ మాడ్యూల్. మామూలు అలారం పెట్టెకి దీన్ని తగిలిస్తే ఇల్లంతా ఫోన్లోకి వచ్చేస్తుంది. తలుపు తాళాలు, గ్యాస్ వాల్వు, సైరన్, అన్నీ. తగిలించినవాడు మనవాడైతే కాపలా. పరాయివాడైతే..."

"జేమ్స్," అన్నాడు హనోకు.

"ఆఁ. నీటికాకి ముఠా. పేరు మనం పెట్టిందే. ఒకచోట మునిగి ఇంకోచోట తేలతారు. రాడార్ కేంద్రాన్ని మూయించాలంటే బాంబులక్కర్లేదు, ఇద్దరు ఇంజనీర్లు పోతే చాలు. ఒకరు పోయారు."

"మెథడ్?"

"మన అంచనా ఇది. ఎక్కడో కూర్చుని మాడ్యూల్ని మాటిమాటికీ ఆఫ్‌లైన్ చేస్తారు. ఇంటివాళ్ళు విసిగి కంపెనీకి కంప్లయింట్ ఇస్తారు. రిపేరు పేరుతో ముఠా మనిషి వెళ్ళి తమ మాడ్యూల్ పెట్టొస్తాడు. ఇప్పుడు రాజారత్నం గారి బందరు ఇంట్లోనూ అదే తంతు. రోజూ సాయంత్రం కాసేపు ఆఫ్‌లైన్. ఆయన కంప్లయింట్ కూడా ఇచ్చేశాడు."

"ఆయన్ని బందరు వెళ్ళొద్దనండి."

"చెప్పాను. శనివారం వాళ్ళమ్మ గారి కృతజ్ఞత కూడిక, ఇంట్లోనే ప్రార్థన. గుండె ఆపరేషన్ నుంచి లేచి తిరుగుతున్నారావిడ. 'కూడికకి రాకపోతే మా అమ్మే నన్ను చంపుతుంది, ముఠా దాకా ఎందుకండీ' అన్నాడు."

"అలారం మొత్తం పీకేద్దాం."

"పీకితే మనకి తెలిసిపోయిందని వాళ్ళకి తెలుస్తుంది. మళ్ళీ మునుగుతారు. నువ్వు వాళ్ళకంటే ముందు వెళ్ళి మంచి మాడ్యూల్ పెట్టు. వాళ్ళు బటన్ నొక్కుతారు. ఏమీ జరగదు. ఎక్కణ్ణించి నొక్కారో మనకి దొరుకుతుంది."

హనోకు అప్పటికే షెడ్డులో నాలుగు చుట్లు కొట్టాడు. "ఆ అమ్మగారి పేరు?"

"ప్రేమమ్మ."

అతని కాళ్ళు ఆగిపోయాయి. బందరులో చదువుకునే రోజుల్లో ప్రేమమ్మ అతని సండేస్కూల్ టీచరు. ప్రార్థనలో కళ్ళు మూసుకుని ఉండటం చిన్న హనోకుకి గండంగా ఉండేది. రెప్పలు దురద పెట్టేవి. తెరిచేవాడు. ఆమేన్ అనగానే టీచరు నేరుగా వచ్చి అతని చెవి మెలేసేది. తను కళ్ళు మూసుకునే ఉంది కదా, ఈవిడకెలా తెలిసిందని బుర్ర బద్దలు కొట్టుకునేవాడు. చివరికి దేవుడే చెప్తున్నాడని తేల్చుకుని చాలాకాలం దేవుడి మీద అలిగాడు. అమ్మ పోయిన ఏడాది తన ఇంట్లో అన్నం పెట్టి పరీక్షలకి పంపింది కూడా ఆ టీచరే.

"మీ టీచరని మన ఫైల్లో ఉంది. నిన్ను గుర్తుపడుతుందా?"

"పాతికేళ్ళు దాటిందండీ."

"అయినా గడ్డం పెట్టుకో. పేరు బాబీ. కొత్త మాడ్యూల్ కంపెనీ గోడౌన్ నుంచే రావాలి, లేకపోతే ప్యానెల్ ఒప్పుకోదు. జోనల్ మేనేజర్ నీలోఫర్ ఇస్తుంది."

"మన మనిషేనా?"

"జీతం మనమిస్తున్నాం. వాళ్ళూ ఇస్తున్నారు. ఎవరికి పని చేస్తోందో ఆ పిల్లకే తెలియాలి," అని చీఫ్ గుప్పెడు రొయ్యలు త్రాసులో వేసింది. బ్రీఫింగ్ అయిపోయిందని దానర్థం.

*

గుడివాడలో గ్రేస్ పుట్టింటి అరుగు మీద కూర్చుని ఉంది. హనోకు కంపెనీ ఐడీ కార్డు చూపించి, పెట్టుడు గడ్డం లోపల చెమట దురద భరిస్తూ అడిగాడు.

"మాడ్యూల్ ఎప్పుడు మార్చారమ్మా?"

"ముందురోజే అండి. శనివారం."

"ఎవరు మార్చారు? కొత్త మనిషా?"

"లేదండి, మీ కంపెనీ మెకానిక్కే. మొదట్నుంచీ వచ్చే మనిషే." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "పాతది బానే ఉండేదండీ. సాయంత్రం పూట కాసేపు ఆగేదంతే. మళ్ళీ అదే వచ్చేది. ఈయనే, డ్యూటీలో ఉంటే ఫోనుకి మెసేజ్‌లు వస్తున్నాయని విసుక్కుని కంప్లయింట్ ఇచ్చారు. ఇవ్వకపోయినా బాగుండేది."

ఆమె ఏడ్చింది. ఏడ్చే మనిషి ఎదురుగా హనోకు ఎక్కువసేపు నిలబడలేడు. ఆ సాయంత్రం పూట మీ ఇంట్లో ఏం జరుగుతుందమ్మా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ ఆ అరుగు మీదే అయిపోయేది. అడగలేదు మహానుభావుడు. మెకానిక్కుని ముఠా కొనేసి ఉంటుందని మనసులో రాసేసుకుని బైకెక్కాడు.

*

చల్లపల్లి బస్టాండు ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్లో నీలోఫర్ కూర్చుంటే హోటలే చిన్నబోయింది. ఎర్ర చున్నీ, నల్ల కళ్ళజోడు, రెండు చేతులకీ వెడల్పాటి బందరు రోల్డ్‌గోల్డ్ గాజులు. సర్వరు రెండుసార్లు సాంబారు పక్క బల్ల మీద పోశాడు. ఆమె పక్కనే ఒక తెల్లదొర ఇడ్లీని చెంచాతో కోసుకు తింటున్నాడు.

"ఈ ఏడు ఉప్పుగాలి ఎలా ఉంది మేడమ్?" అన్నాడు హనోకు.

"ఇనుము తింటోంది, ఇత్తడి నంజుకుంటోంది," అంది నీలోఫర్, నవ్వకుండా. "కూర్చో బాబీ. ఈయన మిస్టర్ క్రెన్. హెడ్డాఫీసు నుంచి క్వాలిటీ ఆడిట్‌కి వచ్చారు. ఘంటసాల బౌద్ధ స్థూపం చూసి ఇటే వస్తున్నాం."

"తెలుగు కొంచెం వచ్చు," అన్నాడు క్రెన్, చక్కటి తెలుగులో. అంత చక్కగా వచ్చినవాడు కొంచెం అనడం హనోకుకి నచ్చలేదు.

నీలోఫర్ సీలు వేసిన చిన్న పెట్టె ముందుకి తోసింది. "కొత్త పీస్. పాతది మాత్రం పారేయొద్దు. సిస్టమ్‌లోంచి డిలీట్ కూడా చెయ్యొద్దు. మా కంపెనీలో పాతది తెస్తేనే కొత్తది లెక్క. ఇంకోసారి చెప్తున్నా, పాతది పారేయొద్దు."

"ఒకసారి చెప్తే అర్థమవుతుంది మేడమ్."

"అయితే మంచిదే," అంది ఆమె. నల్ల కళ్ళజోడు వెనక కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియలేదు.

బయటికొచ్చి చీఫ్‌కి ఫోన్ చేశాడు. ఆ ఆడిటర్ పేరు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉందనీ, పీస్ టెస్ట్ చేసి పెట్టేయమనీ చెప్పిందావిడ. హనోకు దగ్గరున్న స్క్రూడ్రైవర్ నిజానికి సిగ్నల్ డిటెక్టర్. దొంగ సిమ్ము ఏదైనా పలుకుతుంటే పిడి వణుకుతుంది. మాడ్యూల్ మీద పెట్టి చూశాడు. పిడి వణకలేదు. అయినా బందరు చేరేదాకా ఆ కొత్త పెట్టె జేబులో బరువుగానే ఉంది. పక్కన దొరని కూర్చోబెట్టుకుని పాత సామాను గురించి రెండుసార్లు చెప్పడం ఏంటి? పిసినారితనమా, ఎత్తా? ఆ అనుమానం చెవిలో జోరీగలా వదల్లేదు.

*

శనివారం మధ్యాహ్నానికి బందరు ఈడేపల్లిలో ప్రేమమ్మ ఇంటి ముందు అద్దె కుర్చీలు దిగుతున్నాయి. లోపల ఎవరో పులిహోర కలుపుతున్నారు. తెల్లచీర, మందపాటి కళ్ళద్దాలు, చేతికర్రతో ప్రేమమ్మ గుమ్మంలోకి వచ్చింది. మనిషి సగమైంది గానీ గొంతు మాత్రం అదే.

"వందనాలండీ. అలారం కంపెనీ నుంచి," అన్నాడు హనోకు గొంతు మార్చి.

"వందనాలు బాబూ. రా. ఎందుకో తెలీదు, సాయంత్రం పూట ఆగిపోతుందంట. ఇంట్లో నాకేం తేడా తెలీదు. అక్కడ మావాడి ఫోనుకి మెసేజ్ వెళ్తుంది, వాడు నాకు ఫోన్ చేసి అరుస్తాడు. ఏ సంఘం మీది?"

"చిన్న సంఘమేనండి," అన్నాడు హనోకు, చర్చి పేరు చెప్పకుండా ప్యానెల్ వైపు తిరిగిపోతూ.

పని మొదలుపెట్టాడు. వైఫై చూశాడు, నిండుగా ఉంది. గోడ అడాప్టర్ చూశాడు, కరెంటు సరిగ్గానే వస్తోంది. ప్యానెల్‌కి లోపల బ్యాటరీ ఉంది గానీ ఈ మాడ్యూల్‌కి అడాప్టరే గతి. వైర్లు లాగి చూశాడు. మాడ్యూల్ ఊడదీసి పిన్నులు చూశాడు. బందరు గాలికి కాస్త చిలుము పట్టింది, అంతే. తుడిచి మళ్ళీ పెట్టాడు. సుబ్బరంగా పనిచేసింది. ఫాల్ట్ లేదు.

లేకపోవడమే అతని ప్రాణం తోడేసింది. ఫాల్ట్ దొరక్కుండా సామాను మార్చేవాడు మెకానిక్కు కాదు, సేల్స్‌మన్ అని ట్రైనింగ్‌లో నేర్పారు. సాయంత్రం దాకా కూర్చుని ఆగినప్పుడు చూస్తే తేలిపోతుంది. కానీ సాయంత్రానికి రాజారత్నం వచ్చేస్తాడు, ఆపైన ముఠా మనిషి ఏ నిమిషంలోనైనా రావచ్చు. హనోకు ఇటు నడిచాడు, అటు నడిచాడు. పాతది ఊడదీసి పక్కనున్న హార్మోనియం పెట్టె మీద పెట్టాడు. నీలోఫర్ చెప్పినట్టు డిలీట్ చెయ్యలేదు, ఆ మాటొక్కటీ ఎందుకో విన్నాడు. కొత్తది బిగించాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"అయిపోయిందండీ. వెళ్ళొస్తాను."

"ఎక్కడికి వెళ్ళేది? ప్రార్థనలో ఉండి టీ తాగి వెళ్ళు," అంది ప్రేమమ్మ. సండేస్కూల్లో ఆ గొంతుకి ఎదురు చెప్పినవాడు లేడు. హనోకు గోడవారగా చాప మీద కూర్చున్నాడు.

*

ఎండ వాలేసరికి ఇల్లు నిండిపోయింది. రాజారత్నం జీపు దిగి, వాకిట్లో బూట్లు విప్పి, తల్లి చెయ్యి పట్టుకుని ముందువరుసలో కూర్చున్నాడు. ఆమె ముఖంలో వెలుగు హనోకు కంటపడింది. ఈ ఇద్దరికీ ఏమైనా అయితే ఇక తను బతికి ఏ దేశాన్ని కాపాడినా ఒకటే అనుకున్నాడు.

తోమాసు పాస్టర్ గారు లేచారు. ఆయన ప్రార్థన పొడుగు సంగతి బందరంతా తెలుసు. ఆయన మొదలుపెట్టాక పొయ్యి మీద పప్పు పెట్టొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వంటింట్లో నిజంగానే టీ డికాషన్ పెద్ద గిన్నెతో సన్నటి సెగ మీద ఉంది.

అప్పుడు ప్రేమమ్మ కుర్చీలోంచి లేచి, స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్ళి, టక్కున ఒక స్విచ్చి కట్టేసింది.

హనోకు చాప మీంచి సగం లేచాడు. "ఏంటమ్మా అది?"

"ఈ అలారం వైఫై గోలే. రోజూ ప్రార్థనకి ముందు కట్టేస్తా. లేకపోతే ఎవరు లోపలికొచ్చినా 'ఫ్రంట్ డోర్ ఓపెన్' అంటుంది. దేవుడి మాట మధ్యలో దీని మాటేంటి?"

ఆవిడ వచ్చి అలారం పెట్టె పక్కనున్న కుర్చీలో కూర్చుంది. "కళ్ళు మూసుకుందాం," అన్నారు పాస్టర్ గారు. ఇంటిల్లిపాదీ కళ్ళు మూసుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు తలమీదికి లాక్కున్నారు.

హనోకు మూసుకోలేదు. అతని బుర్రలో చక్రాలన్నీ ఒక్కసారి తిరిగాయి. సాయంత్రం ఆఫ్‌లైన్. కుటుంబ ప్రార్థన. గ్రేస్ ఇంట్లోనూ ఇంతే అయి ఉంటుంది. తన చిన్నప్పుడు అమ్మ ప్రార్థనకి ముందు రేడియో కట్టేసేది కాదూ? తనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మాడ్యూళ్ళకి ఏ రోగమూ లేదు. ఎవరూ ఎక్కణ్ణించీ వాటిని ఆపలేదు. స్విచ్చి కట్టెయ్యడం ఇంటివాళ్ళ లెక్కలో ఫాల్టే కాదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. నీటికాకి చేసిందల్లా కంప్లయింట్ వచ్చేదాకా కాచుకుని, గోడౌన్లో కొత్త పీసులు మార్చేయడమే. ఆ మెకానిక్కు పాపం నిజమైన మెకానిక్కే. పాత మాడ్యూల్ ఎప్పుడూ ఎవరినీ చంపలేదు. ఈ ఇంట్లోకి వచ్చిన ఒకే ఒక్క చెడ్డ వస్తువు తను చేతులారా తెచ్చి బిగించింది.

ప్యానెల్ వైపు చూశాడు. స్విచ్చి కట్టేసి ఉంది. అడాప్టర్ చచ్చి ఉంది. కొత్త మాడ్యూల్ దీపం మాత్రం ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. అంటే లోపల సొంత బ్యాటరీ ఉంది, సొంత సిమ్మూ ఉంది. ఇప్పటిదాకా నిద్ర నటించింది. అతను చూస్తుండగానే దీపం ఎర్రగా మారింది.

వీధి తలుపు తాళం టక్ మంది. పెరటి తలుపు తాళం టక్ మంది.

"పరలోకమందున్న తండ్రీ, సృష్టి మొదలుకొని..." అని మొదలుపెట్టారు పాస్టర్ గారు.

అరవాలని నోరు తెరిచి మూసుకున్నాడు హనోకు. అరిస్తే కంగారులో ఎవరో ఒకరు లైటు వేస్తారు. ఇంట్లో గ్యాస్ ఉంటే ఒక్క స్విచ్చి చాలు. ఉత్త కాళ్ళతో, మోకాళ్ళ మధ్యలోంచి, ఒక ముసలాయన చేతికర్ర దాటి వంటింట్లోకి వెళ్ళాడు. డికాషన్ కింద మంట ఆరిపోయి ఉంది. గ్యాస్ బుస్సుమంటూ వస్తోంది, వాసన అప్పటికే గది దాటింది. సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, కిటికీ రెక్కలు బార్లా తెరిచాడు. సముద్రపు గాలి లోపలికి వచ్చింది గానీ వచ్చిన గ్యాస్ పోవడానికి టైము కావాలి. టైమే లేదు.

వెనక్కి పరుగెత్తాడు. ఎవరో దగ్గారు. పాస్టర్ గారు అబ్రాహాము దాకా వచ్చారు. హనోకు ప్యానెల్ మూత తీసి, ఎర్రగా మెరుస్తున్న మాడ్యూల్ని పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఊడి వచ్చింది.

బీప్, అంది ప్యానెల్.

చెప్పకుండా మాడ్యూల్ పీకితే ఇంట్లో దొంగ పడ్డాడని ప్యానెల్ అనుకుంటుంది. కాసేపు బీప్ బీప్ అని బెదిరించి, ఆ తర్వాత సైరన్ ఎత్తుకుంటుంది. సైరన్ ఎత్తుకుంటే నిప్పురవ్వ. దాన్ని నోరు మూయించేది ఒక్కటే, తనకి తెలిసిన మాడ్యూల్ ఆ చోట్లో ఉండటం. కరెంటు లేకపోయినా పరవాలేదు, పిన్నులు తగిలితే గుర్తుపడుతుంది. నీలోఫర్ అందుకే చెప్పింది. పాతది పారేయొద్దు. డిలీట్ చెయ్యొద్దు.

హార్మోనియం పెట్టె మీద చెయ్యి వేశాడు. అక్కడ పాతది లేదు.

బీప్. బీప్. పాస్టర్ గారు ఆ శబ్దం మీదుగా గొంతు పెంచారు. హనోకు నేల మీద వెతికాడు, సంచిలో వెతికాడు, తన జేబులన్నీ తడిమాడు. బీప్‌లు దగ్గరపడ్డాయి. ముందువరుసలో రాజారత్నం తల వంచి, చేతులు కట్టుకుని, ఏ ప్రమాదమూ ఎరగకుండా ప్రార్థన చేసుకుంటున్నాడు.

పక్క కుర్చీలోంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. ముడతలు పడ్డ చెయ్యి. కొంగుముడి విప్పి, హార్మోనియం మీంచి తీసి దాచిన అగ్గిపెట్టంత వస్తువుని హనోకు అరచేతిలో పెట్టింది. ప్రేమమ్మ కళ్ళు మూసుకునే ఉంది. పెదాలు ప్రార్థనలో కదులుతూనే ఉన్నాయి.

హనోకు పాత మాడ్యూల్ని చోట్లో గుచ్చాడు. చిలుము పట్టిన పిన్నులు ఒకసారి తగల్లేదు. ఊడదీసి ఊది మళ్ళీ గుచ్చాడు. బీప్‌లు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

ఆగిపోయాయి.

వీధి తలుపు తాళం టక్ మని విడిపోయింది. పెరటి తలుపు కూడా. హనోకు రెండు తలుపులూ నెమ్మదిగా తెరిచి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి అతనికి ఒకచోట కూర్చోవాలనిపించింది.

"ఆమేన్," అన్నారు పాస్టర్ గారు, చాలాసేపటికి.

"ఆమేన్," అన్నారందరూ, కళ్ళు తెరుస్తూ. "వంటింట్లో గ్యాస్ వాసనేంటి?" అన్నారెవరో. "లైటు వెయ్యకండి, గాలి ఆడనివ్వండి," అన్నాడు హనోకు.

*

వీధి మొగలో కారు ఆగి ఉంది. డ్రైవింగ్ సీట్లో క్రెన్, కుడిచెయ్యి స్టీరింగుకి అంటుకుపోయి, నోట్లో చున్నీ కుక్కించుకుని కూర్చుని ఉన్నాడు. మణికట్టు చుట్టూ వెడల్పాటి గాజు ఒకటి బిగుసుకుని ఉంది. బయట ఇద్దరు సెక్షన్ లెవెన్ మనుషులు ఫోన్లో మాట్లాడుతున్నారు. నీలోఫర్ బానెట్ మీద కూర్చుంది, చేతికి ఒక్క గాజే ఉంది.

"పొద్దున తెలిసింది గోడౌన్ సరుకంతా మార్చేశారని," అంది. "అప్పట్నుంచీ వీడు నా ఫోన్ లాక్కుని పక్కనే ఉన్నాడు. నీకు ఇంకెలా చెప్పాలి? బటన్ నొక్కుతూ రెండో చెయ్యి స్టీరింగు మీద ఆనించాడు చూడు, అప్పటిదాకా గాజు తగిలించే సందు దొరకలేదు. అప్పటికే ఆలస్యమైపోయిందనుకున్నాను."

ఆ చివరి మాట అంటూ ఆమె నల్ల కళ్ళజోడు తీసేసింది. హనోకు మొదటిసారి ఆమెని నమ్మాడు.

"సారీ అండీ. పిసినారి అనుకున్నాను."

"అదీ నిజమే. ఆ గాజు సెక్షన్‌కి తిరిగిచ్చెయ్యాలి," అంది నీలోఫర్. "బంగారం అయితే ఈపాటికి వంగిపోయేది."

*

ఇల్లు గాలాడాక మళ్ళీ స్టవ్ వెలిగించారు. రాజారత్నం పులిహోర ప్లేటుతో వచ్చాడు. "ఏమయ్యా, ఫాల్ట్ దొరికిందా?"

"దొరికింది సార్. మాడ్యూల్‌ది కాదు. ఇక ఆఫ్‌లైన్ అని మెసేజ్ వస్తే అమ్మగారి మీద అరవకండి. ఆ టైములో మీ కోసమే ప్రార్థన చేస్తుంటారు."

రాజారత్నం తల్లి వైపు చూసి, ప్లేటు పట్టుకుని అవతలికి వెళ్ళిపోయాడు. ప్రేమమ్మ కర్ర ఊతంగా లేచి, టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. గ్లాసు ఇచ్చి, ఖాళీ అయిన ఆ చేత్తో హనోకు ఎడమ చెవి పట్టుకుని మెలేసింది. గడ్డం ఒకవైపు ఊడి వేలాడింది.

"ప్రార్థనలో కళ్ళు తెరిచావు, హనోకూ."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెవి నొప్పికి మాత్రం కాదు. "ఎప్పుడు గుర్తుపట్టారు టీచర్?"

"ఏ సంఘం అంటే తడబడ్డప్పుడు అనుమానం. ప్రార్థనలో కుదురు లేకుండా ఇల్లంతా పరుగెత్తినప్పుడు ఖాయం. పెట్టుడు గడ్డం చూశాక మావాడి గవర్నమెంటువాళ్ళే పంపారనీ తెలిసింది."

"టీచర్, మీరు ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉంటారు కదా. మరి నేను తెరిచిన సంగతి చిన్నప్పట్నుంచీ మీకెలా తెలుస్తోంది?"

ప్రేమమ్మ కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇన్నేళ్ళయినా అది కూడా కనిపెట్టలేనివాణ్ణి," అంది, "ఆ గవర్నమెంటువాళ్ళు ఉద్యోగంలో ఎలా పెట్టుకున్నార్రా?"